రోజంతా ఎటు పోయిందో లెక్క చెప్పే చిన్న ప్రోగ్రాము: పైథాన్‌తో ఇలా రాసుకోండి

రోజులో ఏ పనికి ఎంతసేపు పట్టిందో రాసుకునే యాప్‌లకు కొదవ లేదు. అయితే చాలావాటికి అకౌంట్ తెరవాలి, మన దినచర్య ఎక్కడో ఎవరి సర్వర్లోనో ఉంటుంది, మనకు కావలసిన లెక్క ఒక్కటి వాళ్లు ఇవ్వకపోతే ఇక అంతే సంగతులు. అదే పని చేసే ప్రోగ్రాము పైథాన్‌లో వంద లైన్లు దాటదు. లూప్, లిస్ట్, ఫైలు తెరవడం తెలిసినవాళ్లకు ఒక ఆదివారం సాయంత్రం సరిపోతుంది.

ఇలాంటి పద్దు మొదలుపెట్టినవాళ్లు వారం తిరక్కుండా మానేయడానికి కారణం బద్ధకం కాదు. ఒక్కో పని రాయడానికి పట్టే సమయమే కారణం. యాప్ తెరవాలి, పని పేరు వెతకాలి, మొదలు నొక్కాలి, అయ్యాక మళ్లీ తెరిచి ఆపాలి. రోజుకు పాతిక పనులంటే యాభైసార్లు ఫోను తీయాలి. అందుకే మన ప్రోగ్రాములో ‘ఆపు’ అనే మాటే ఉండదు. కొత్త పని మొదలైనప్పుడు ఒక్కసారి రాస్తారు. దాని ముందున్న పని అక్కడితో ముగిసినట్టే. ఎంతసేపు పట్టిందన్నది కంప్యూటర్ కూర్చుని తీసివేతలు చేసుకుంటుంది. రాయడానికి రెండు సెకన్లకు మించి పట్టకూడదు. మిగతా నిర్ణయాలన్నీ దీన్నిబట్టే తీసుకున్నవి.

ఒక చిన్న మాట: ఇక్కడ కమాండ్లను తెలుగు లిపిలో రాశాం. టైపు చేసేటప్పుడు వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి.

ముందు కాగితం, తర్వాత కీబోర్డు

కోడ్ జోలికి వెళ్లకముందు రెండు రోజులు జేబులో ఒక చీటీ పెట్టుకోండి. పని మారిన ప్రతిసారీ టైము, ఒక ముక్క రాయండి. ఒక సెలవు రోజు, ఒక పని రోజు ఉంటే మేలు. రెండో రాత్రి ఆ చీటీ ముందు పెట్టుకుని పనుల్ని పది గుంపులుగా చేసి, సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు ఇవ్వండి. ఉదాహరణకు: 0 తెలీదు, 1 నిద్ర, 2 స్నానం, తయారవడం, 3 వంట, తిండి, 4 ఆఫీసు పని, 5 ప్రయాణం, 6 చదువు, 7 ఫోను, టీవీ, 8 ఇంటిపని, 9 నడక.

పదికి మించి గుంపులు పెట్టకండి. ‘టీ తాగడం’, ‘టిఫిన్’, ‘భోజనం’ అని మూడు గుంపులు చేస్తే ప్రతిసారీ ఇది దేనికిందకి వస్తుందని ఆలోచించాల్సి వస్తుంది, రెండు సెకన్లు ఇరవై అవుతాయి. వివరం కావాలంటే పక్కన నోట్ రాసుకునే వీలు ఎలాగూ ఉంటుంది. సున్నాను మాత్రం ఏ పనికీ ఇవ్వకండి. మరచిపోయిన గంటలు దాంట్లోకి పోతాయి. ఇంకొకటి: ఆరు నెలల తర్వాత ఒక గుంపు అక్కర్లేదనిపిస్తే ఆ అంకెను వేరే పనికి వాడకండి, పాత లెక్క మొత్తం తప్పుతుంది. అలాంటప్పుడు ఒక ఇంగ్లీషు అక్షరాన్ని కొత్త కోడ్‌గా తీసుకోండి.

పని పేరు బదులు అంకె ఎందుకంటే, టైపు చేయడం తేలిక అన్నదొక్కటే కాదు. తెలుగులో కంటికి కనిపించని చిక్కు ఒకటుంది. ‘ఆఫీస్’ అని ఒక కీబోర్డులో కొడితే చివర పొల్లుతో ఆగుతుంది. ఇంకో కీబోర్డు ఆ పొల్లు తర్వాత వెడల్పు లేని ఒక అక్షరాన్ని, యూనికోడ్‌లో 200సి నంబరుది, చేరుస్తుంది. పక్క అక్షరంతో కలిసి ఒత్తుగా మారకుండా ఆపడం దాని పని. చూడ్డానికి రెండూ ఒకటే, కంప్యూటర్‌కు మాత్రం రెండు వేర్వేరు మాటలు. దాంతో నెలాఖరు లెక్కలో ‘ఆఫీస్’ రెండుసార్లు కనిపిస్తుంది, ఒకదానికి 90 గంటలు, ఇంకోదానికి 70 గంటలు. గంటలకొద్దీ కోడ్ చూసినా తప్పు దొరకదు. అంకెలతో ఈ బెడద లేదు.

పద్దు ఫైలు

డేటాబేస్ అక్కర్లేదు. మామూలు టెక్స్ట్ ఫైలు చాలు, నోట్‌ప్యాడ్‌లో తెరిచి దిద్దుకోవచ్చు. ఒక్కో లైనులో మూడు గడులు: సమయం, అంకె, నోట్. మధ్యలో కామా కాదు, ట్యాబ్ పెట్టండి. నోట్‌లో ‘పాలు, కూరగాయలు’ అని కామా రావడం సహజం, ట్యాబ్ రావడం అరుదు. పైగా ట్యాబ్‌తో ఉన్న లైన్లను కాపీ చేసి స్ప్రెడ్‌షీట్‌లో అతికిస్తే వాటంతటవే గడుల్లో పడతాయి. ఒక ఉదయం ఇలా ఉంటుంది:

2025-03-14 05:40+05:30	9
2025-03-14 06:25+05:30	3	ఉప్మా
2025-03-14 07:10+05:30	2
2025-03-14 07:40+05:30	5	మెట్రో
2025-03-14 08:35+05:30	4

నడక 45 నిమిషాలు, వంట 45, తయారవడం 30, ప్రయాణం 55. ఎక్కడా ‘ఆపు’ లేదు, అయినా లెక్క తేలింది.

టైము చివర ఉన్న +05:30 ప్రపంచ ప్రామాణిక సమయం కన్నా మన గడియారం ఐదున్నర గంటలు ముందుందని చెబుతుంది. దాన్ని అలంకారం అనుకుని తీసేయకండి. మనదేశంలో గడియారం ఏడాది పొడవునా ఒకేలా నడుస్తుంది కాబట్టి హైదరాబాద్‌లో ఉన్నంతకాలం దాని అవసరం తెలియదు. హైదరాబాద్‌లో రాత్రి విమానమెక్కి డల్లాస్‌లో దిగిన రోజు తెలుస్తుంది. అది లేకపోతే ప్రయాణం లెక్కలో కాలాన్నిబట్టి పదిన్నర గంటలో, పదకొండున్నర గంటలో తేడా పడుతుంది. అమెరికాలో ఉన్నవాళ్లకైతే ఇల్లు కదలకపోయినా, గడియారాన్ని గంట ముందుకూ వెనక్కీ మార్చినప్పుడల్లా, ఏటా రెండుసార్లు ఈ చిక్కు వస్తుంది. 2025 నవంబర్ 2న డల్లాస్‌లో అర్ధరాత్రి ఒంటిగంట నుంచి రెండు దాకా ఉన్న గంట రెండుసార్లు వచ్చింది. ఆ రాత్రి 01:30-05:00 (ఒకటిన్నర, ప్రామాణిక సమయం కన్నా ఐదు గంటలు వెనక) అని రాసినది ముందు జరిగింది, 01:10-06:00 అని రాసినది నలభై నిమిషాల తర్వాత జరిగింది. పక్కన తేడా రాసి లేకపోతే ఏది ముందో ఎవరూ చెప్పలేరు.

ఫైలు ఎంత పెరుగుతుందోనని బెంగ వద్దు. సమయానికి 22 బైట్లు, అంకె, ట్యాబ్‌లు, లైను చివర కలిపి ఇంకో నాలుగు. యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి) తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కోటి మూడేసి బైట్లు తీసుకుంటాయి. ‘ప్రయాణం’ అన్న మాటే 21 బైట్లు. సగటున నోట్‌కు 30 బైట్లు వేసుకుంటే లైనుకు 56. రోజుకు పాతిక లైన్లయితే ఏడాదికి 5,11,000 బైట్లు, అంటే అర ఎంబీ. ఫోనుతో తీసిన ఒక్క ఫొటో అంతకన్నా పెద్దది.

రాసే భాగం

విండోస్‌లో పైథాన్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మొదటి తెరమీదే అడుగున ‘యాడ్ పైథాన్ టు పాత్’ అన్న గడి ఉంటుంది, దాన్ని టిక్ చేయండి. చేయకపోతే కమాండ్ ప్రాంప్ట్‌లో పైథాన్ అని కొట్టినప్పుడు మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటుంది, ఇన్‌స్టాల్ కాలేదేమోనని మళ్లీ మొదలుపెడతారు. వర్షన్ 3.7 గానీ ఆపైది గానీ ఉండాలి. సమయాన్ని టెక్స్ట్‌లోంచి తిరిగి చదివే ఫ్రమ్‌ఐఎస్‌ఓఫార్మాట్ అంతకుముందు లేదు.

‘రోజు’ పేరుతో ఒక పైథాన్ ఫైలు చేసుకోండి. రాసే భాగం చేయాల్సిన పని ఇది. కమాండ్‌లో మీరు కొట్టిన మాటలుండే సిస్.ఆర్గ్‌వి లిస్టులో మొదటిది ప్రోగ్రాము పేరు, రెండోది మీరిచ్చిన అంకె, మిగిలినవన్నీ నోట్. సమయం కోసం డేట్‌టైమ్.నౌ పిలిచి, దాని మీద ఆస్‌టైమ్‌జోన్ పిలవండి. ఈ రెండోది మరచిపోతే +05:30 రాదు. ఆ తర్వాత ఐఎస్‌ఓఫార్మాట్, అందులో సెప్ విలువగా ఒక ఖాళీ, టైమ్‌స్పెక్ విలువగా మినిట్స్ ఇవ్వండి. పైన చూపించిన రూపం సరిగ్గా వస్తుంది.

ఫైలు తెరిచే లైను దగ్గర మూడు చోట్ల జాగ్రత్త కావాలి.

మొదటిది మోడ్. ‘ఎ’ పెడితే చివర చేరుస్తుంది, ‘డబ్ల్యూ’ పెడితే ఉన్నదంతా తుడిచి కొత్తగా మొదలుపెడుతుంది. ఒక్క అక్షరం తేడాతో ఆరు నెలల పద్దు గాలికి పోతుంది. ఈ ప్రోగ్రాములో ‘డబ్ల్యూ’తో పద్దు ఫైలు తెరిచే లైను ఎక్కడా ఉండకూడదు, దిద్దుబాట్లకు కూడా. దిద్దడమంటే నోట్‌ప్యాడ్‌లో తెరిచి చేత్తో దిద్దడమే.

రెండోది ఎన్‌కోడింగ్. యూటీఎఫ్-8 అని మీరే రాయాలి. రాయకపోతే విండోస్‌లో పైథాన్ సాధారణంగా ఆ మెషీన్ పాత కోడ్‌పేజీని (అక్షరాల పట్టికను) తీసుకుంటుంది. దాంట్లో తెలుగు అక్షరాలు లేవు కాబట్టి మొదటి తెలుగు నోట్‌కే ‘చార్‌మ్యాప్’ అంటూ ఎర్రర్ వస్తుంది. నోట్ లేని లైన్లు మాత్రం సాఫీగా పోతుంటాయి, అందుకే తప్పు వెంటనే పట్టుబడదు. చదివేటప్పుడు మాత్రం యూటీఎఫ్-8-సిగ్ అని ఇవ్వండి. పాత నోట్‌ప్యాడ్‌లు సేవ్ చేసేటప్పుడు ఫైలు మొదట్లో కనిపించని గుర్తు ఒకటి పెడతాయి. ఇలా ఇస్తే అది ఉన్నా లేకపోయినా చదువుతుంది. లేకపోతే మొదటి లైను దగ్గరే ప్రోగ్రాము బోల్తా పడుతుంది.

మూడోది కొత్త లైను. అందరూ లైను రాసి చివర ఎంటర్ పెడతారు. మీరు ముందు ఎంటర్ పెట్టి తర్వాత లైను రాయండి. చేత్తో దిద్దినప్పుడు చివరి ఎంటర్ చెరిగిపోవడం మామూలే. అప్పుడు తర్వాతి రాత పోయి పాత లైనుకు అతుక్కుంటుంది, ‘ఉప్మా2025-03-14’ అని. ముందే ఎంటర్ పెడితే ఆ గొడవ ఉండదు. మధ్యలో ఒకటీ అరా ఖాళీ లైన్లు వస్తే చదివేటప్పుడు వదిలేయవచ్చు.

ఆలస్యంగా గుర్తొచ్చినప్పటి కోసం ఒక వసతి పెట్టుకోండి. నోట్‌లోని మాటల్లో ఏదైనా మైనస్‌తో మొదలై తర్వాత అంకెలే ఉంటే, అన్ని నిమిషాలు వెనక్కి జరపాలి. పదకొండు యాభైకి గుర్తొచ్చింది, పదకొండు ఇరవై నుంచి ఫోనులోనే ఉన్నారు. ‘రోజు 7 -30’ అని కొడితే సరిపోతుంది. ఈ వసతి లేకపోతే ‘ఎలాగూ తప్పింది కదా’ అని ఆ రోజుకు రాయడం ఆపేస్తారు, పద్దులు ఎక్కువగా ఆగిపోయేది అక్కడే.

తప్పు కోడ్ కొడితే, ఉదాహరణకు 44 అని పడితే, ఎర్రర్ ఇచ్చి వెనక్కి పంపకండి. సున్నా కింద రాసి, కొట్టినదాన్ని నోట్‌లో ఉంచండి. పేరు తర్వాతైనా దిద్దుకోవచ్చు, ఆ సమయం మళ్లీ దొరకదు. ఏ అంకే ఇవ్వకుండా ‘రోజు’ అని మాత్రం కొడితే, ఇప్పుడు నడుస్తున్న పని ఏమిటో, మొదలై ఎన్ని నిమిషాలైందో చూపించాలి.

లెక్క తీసే భాగం

ఇదే అసలు పని. ఫైలు మొత్తం చదివి, ఒక్కో లైనును ట్యాబ్ దగ్గర విడగొట్టి, సమయాన్ని ఫ్రమ్‌ఐఎస్‌ఓఫార్మాట్‌తో మార్చండి. మారని లైను వస్తే ప్రోగ్రాము ఆగిపోకూడదు. ఆ లైను నంబరు పక్కన పెట్టుకుని చివర్లో చూపిస్తే చాలు.

తర్వాత వరస పెట్టండి. వెనక్కి జరిపి రాసినవి ఫైల్లో వరస తప్పి ఉంటాయి. టెక్స్ట్‌ను టెక్స్ట్‌గా వరస పెడితే ఇండియాలో పనిచేసినట్టే ఉంటుంది కానీ, పైన చెప్పిన నవంబర్ రాత్రి తలకిందులవుతుంది, 01:10 ముందుకు వచ్చేస్తుంది. మార్చిన సమయాల మీదే వరస పెట్టాలి. పైథాన్ సార్ట్ సమానమైనవాటిని ఉన్న క్రమంలోనే ఉంచుతుంది, అది మనకు కలిసొస్తుంది. పొరపాటున 4 నొక్కి వెంటనే 5 నొక్కితే రెండిటికీ ఒకే నిమిషం పడుతుంది, మొదటిదానికి సున్నా నిమిషాలు వస్తాయి. చెరిపే పనే లేదు.

ఇక ఒక్కో రాతకూ దాని తర్వాతిదానికీ మధ్య తేడా తీయండి. ఆఖరిదానికి ‘ఇప్పుడు’ ముగింపు. వచ్చిన తేడాను రోజు పేరు మీద, అంకె పేరు మీద కూడుతూ పోవాలి.

అర్ధరాత్రి దగ్గర ఆగి ఆలోచించండి. రాత్రి 22:40కి నిద్ర, ఉదయం 05:30కి లేవడం. నేరుగా తీసివేస్తే 6 గంటల 50 నిమిషాలు మొత్తం నిన్నటి ఖాతాలో పడుతుంది. నిన్న ఉదయం దాకా సాగిన నిద్ర మొన్నటి ఖాతాకు పోతుంది. దాంతో ఒక రోజుకు 22 గంటలు, ఇంకో రోజుకు 26 గంటలు వస్తాయి. అందుకని మొదలు, ముగింపు వేర్వేరు తేదీల్లో ఉంటే, అర్ధరాత్రి దగ్గర కోయాలి: నిన్నటికి 1 గంట 20 నిమిషాలు, ఇవాళ్టికి 5 గంటల 30. ఇఫ్ కాదు, వైల్ లూప్ వాడండి. ఫోను ఆగిపోయి రెండు రోజులు రాయకపోతే ఒకే తేడాలో రెండు అర్ధరాత్రులు ఉంటాయి.

కోత సరిగా పడిందో లేదో చూడ్డానికి మంచి ఉపాయం ఉంది. ప్రతి పూర్తి రోజు మొత్తం సరిగ్గా 1440 నిమిషాలు రావాలి. ఆ మొత్తాన్ని రోజూ లెక్క అడుగున చూపించండి. 1440 కాకపోతే ఎక్కడో తప్పుంది. విదేశీ ప్రయాణం చేసిన రోజు, గడియారం మార్చిన రోజు తప్ప దీనికి మినహాయింపు లేదు. ఈ ఒక్క అంకె మిగతా పరీక్షలన్నిటికన్నా ఎక్కువ తప్పులు పట్టిస్తుంది.

నిద్ర తప్ప ఏ పనైనా నాలుగు గంటలు దాటితే, దాన్ని నమ్మకండి, గుర్తు పెట్టి చూపించండి. భోజనానికి లేచి రాయడం మరచిపోయి ఉంటారు. ప్రోగ్రాము తనంతట తాను ఊహించి దిద్దకూడదు. గుర్తుంటే మీరు దిద్దండి, లేకపోతే సున్నాకు మార్చండి. వారానికి సున్నా కింద ఎంత సమయం పడిందన్నదే మీ పద్దు ఎంత నమ్మదగినదో చెప్పే కొలత.

లెక్కను కమాండ్ ప్రాంప్ట్‌లో చూపించకండి. పాత విండోస్ నల్లతెరలో తెలుగు డబ్బాలుగానో, ఒత్తులు విడిపోయో కనిపిస్తుంది. చిన్న హెచ్‌టీఎంఎల్ ఫైలు రాసి, వెబ్‌బ్రౌజర్.ఓపెన్‌తో బ్రౌజర్లో తెరిపించండి. తలభాగంలో మెటా చార్‌సెట్ యూటీఎఫ్-8 అన్న ముక్క తప్పనిసరి. ఒక్కో పనికి ఒక రంగు పట్టీ, మూడు నిమిషాలకు ఒక పిక్సెల్. ఎనిమిది గంటల ఆఫీసు 160 పిక్సెల్‌లు, రోజంతా 480, ఫోను తెరమీద కూడా ఇముడుతుంది.

ఎక్సెల్‌లో చూడాలనుకునేవాళ్లు ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తే తెలుగు బదులు పిచ్చిగీతలు రావచ్చు. డేటా ట్యాబ్‌లో ‘ఫ్రమ్ టెక్స్ట్’ ద్వారా తెచ్చి, ఫైల్ ఒరిజిన్ దగ్గర 65001 (యూటీఎఫ్-8) ఎంచుకోండి. ఆ ఫైలును ఎక్సెల్ నుంచి సేవ్ మాత్రం చేయకండి, తేదీల రూపం మారిపోతుంది. ఎక్సెల్‌లో ఫైలు తెరిచి ఉన్నంతసేపూ మీ ప్రోగ్రాము రాయబోతే ‘పర్మిషన్ డినైడ్’ వస్తుంది. తప్పు ప్రోగ్రాముది కాదు, ఎక్సెల్ మూసేయండి. ఎప్పుడూ కాపీనే తెరవడం అలవాటు చేసుకుంటే ఈ రెండు ఇబ్బందులూ ఉండవు.

చేతికి అందేలా

ల్యాప్‌టాప్ ముందే రోజంతా ఉండేవాళ్లకు ప్రతి అంకెకూ డెస్క్‌టాప్ మీద ఒక షార్ట్‌కట్ చాలు. దాని ప్రాపర్టీస్‌లో ‘షార్ట్‌కట్ కీ’ గడిలో కంట్రోల్, ఆల్ట్, ఆ అంకె కలిపి పెట్టుకోవచ్చు.

ఆండ్రాయిడ్ ఫోనులో టెర్మక్స్ (ఫోనులో కమాండ్లు నడిపేది), టెర్మక్స్ విడ్జెట్ (వాటికి హోమ్ స్క్రీన్ మీద బటన్లు పెట్టేది) అనే రెండు యాప్‌లు కావాలి. రెండూ ఎఫ్-డ్రాయిడ్ అనే యాప్ స్టోర్ నుంచే తీసుకోండి. ఒకటి ఒకచోట నుంచి, రెండోది ఇంకోచోట నుంచి తెస్తే సంతకాలు కలవక రెండోది ఇన్‌స్టాల్ కాదు. టెర్మక్స్‌లో ‘పీకేజీ ఇన్‌స్టాల్ పైథాన్’ కొట్టండి. తర్వాత ‘టెర్మక్స్-సెటప్-స్టోరేజ్’ కొట్టి అనుమతి ఇవ్వండి. పద్దు ఫైలును ఫోను డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో పెట్టాలి, టెర్మక్స్ లోపల కాదు. లోపల ఉంచితే ఎప్పుడో ఆ యాప్ తీసేసిన రోజు పద్దు కూడా దాంతోపాటే పోతుంది.

హోమ్ ఫోల్డర్‌లో ‘.షార్ట్‌కట్స్’, దాని లోపల ‘టాస్క్స్’ అని ఫోల్డర్లు చేయండి. టాస్క్స్‌లో ఉన్నవి తెర తెరవకుండా వెనకాలే నడుస్తాయి, మనకు కావలసింది అదే. ఒక్కో అంకెకూ ఒక చిన్న స్క్రిప్టు: పైథాన్, ప్రోగ్రాము పూర్తి దారి, అంకె. ఫైలు పేరే బటన్ మీద కనిపిస్తుంది. ఈ స్క్రిప్టుల్ని విండోస్‌లో రాసి ఫోనుకు పంపకండి. విండోస్ లైను చివర రెండు గుర్తులు పెడుతుంది, వాటిలో ఒకటి అంకెకు అతుక్కుని ‘4’ కాస్తా వేరే మాటవుతుంది. బటన్ నొక్కుతుంటారు, పద్దులో అంతా సున్నాల కిందకే పోతుంటుంది. స్క్రిప్టులన్నిటికీ ‘సీహెచ్‌మాడ్ 700’ (నడవడానికి అనుమతి ఇచ్చే కమాండ్) ఇచ్చి, హోమ్ స్క్రీన్ మీద విడ్జెట్ పెట్టుకోండి. ఐఫోనులోనైతే షార్ట్‌కట్స్ యాప్‌లో ‘అపెండ్ టు టెక్స్ట్ ఫైల్’ అనే పని ఇదే లైను రాయగలదు.

ఫోను, ల్యాప్‌టాప్ రెండూ ఒకే ఫైల్లో రాసేలా క్లౌడ్‌లో పెట్టకండి. నెట్ లేనప్పుడు రెండూ చెరో లైను రాస్తాయి, నెట్ వచ్చాక ఒకే పేరుతో రెండు కాపీలు తయారై, ఒకదాని లైన్లు లెక్కలోకి రావు. ఫోనుకొక ఫైలు, ల్యాప్‌టాప్‌కొక ఫైలు ఉంచండి. లెక్క తీసేటప్పుడు రెండూ చదివి కలిపి వరస పెడితే చాలు, సార్ట్ ఎలాగూ ఉంది.

పద్దులో మందుల వివరాలు, ఇంట్లో మాటలు నోట్‌లుగా చేరుతుంటాయి. అది తాళం లేని టెక్స్ట్ ఫైలు, తెరిచినవాళ్లెవరైనా చదవగలరు. అలాంటివి నోట్‌లో రాయకపోవడమే మంచిది. ఇక బ్యాకప్: లెక్క తీసే ప్రతిసారీ ప్రోగ్రామే ఫైలు పేరు చివర ఆ రోజు తేదీ పెట్టి వేరే ఫోల్డర్‌లోకి ఒక కాపీ వేయాలి, షుటిల్ (shutil) మాడ్యూల్‌లోని కాపీ2 తో ఒక్క లైను పని. వారానికోసారి ఆ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, అక్కడి ఫైలును ఒకసారి తెరిచి ఆఖరి లైను తేదీ చూడండి. కాపీ జరుగుతోందనుకుంటూ నెలలపాటు ఖాళీ ఫైలునే దాచుకుంటూ పోయే ప్రమాదం అలా తప్పుతుంది.